ఉప్పునీటి గాలానికి ఏ రీలు?

కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాల మనవారికి నల్లరేగడి తెలిసినంతగా సముద్రం తెలియదు. అయినా కోవిల్‌పట్టి నుండి తూత్తుకుడి సుమారు 60 కిలోమీటర్లే గదా! సెలవులకు వచ్చే పిల్లలు ఈకలతో కట్టిన ఎరను విసరి చేపలు పట్టే సరదా ఒకటి వెంట తెస్తున్నారు. గాలపు సరదా మన వైపు కొత్తదేమీ కాదు. మదరాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్. ఎస్. థామస్ 1873లోనే ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే గ్రంథం వ్రాశారు. అయితే ఉప్పునీటికి రీలు కొనేటప్పుడు తళుకు చూచి మోసపోరాదు.

చెరువులోని చిన్న చేపకు రీలు ఒట్టి దారపు కండె. సముద్రపు చేపకు అదే బ్రేకు. ఎరను మోసుకుపోయే లావు దారం సుమారు 30 గజాలే ఉంటుంది. పారై వంటి చేప దానిని ఒక్క పరుగులో లాగివేస్తుంది. కనుక దాని వెనుక సన్నని గట్టి దారం ఉండాలి. 8వ నంబరు కర్రకు 20 పౌన్ల దారం 150 నుండి 200 గజాలు పట్టే రీలు కావాలి. పెద్ద చేపలకైతే 10వ నంబరు, ఆపైన. కర్ర, దారం, రీలు ఒకే నంబరువిగా ఉండటం మంచిది.

ఇక బ్రేకు. వాలులో దిగే బండికి బ్రేకు ఒక్కసారిగా పట్టితే ఏమవుతుందో పెద్దలకు తెలుసు. రీలూ అంతే. మొదట బిగుసుకొని, తరువాత గభాలున వదిలేదైతే ఆ కుదుపుకే దారం తెగి చేప పోతుంది. దుకాణంలోనే దారం మెల్లగా లాగి చూడండి. మొదటి నుండి చివరి వరకు ఒకే తీరున రావాలి. ఎర దగ్గరి దారం 20 పౌన్లు ఓర్చేదైతే బ్రేకు 5 పౌన్లకు మించి బిగించవద్దు. స్ప్రింగు కాటా తగిలించి లాగితే లెక్క తెలిసిపోతుంది.

మన అగ్గిపెట్టెకు తేమ ఎంత శత్రువో రీలుకు ఉప్పు అంత శత్రువు. బ్రేకులోనికి నీరు చొరకుండా మూసివేసినదీ, ఆనోడైజు చేసిన అల్యూమినియంతో చేసినదీ తీసుకోండి. నడిమి ఇరుసు లావుగా ఉంటే ఒక్కొక్క చుట్టుకు ఎక్కువ దారం వస్తుంది. చేతిలోని డబ్బు తక్కువైతే తేలికదనం వదులుకోండి గాని మంచి బ్రేకును వదులుకోకండి.

ఒక హెచ్చరిక: తూత్తుకుడి, రామేశ్వరం మధ్యనున్న దీవులతో 1986లో సముద్ర జాతీయవనం ఏర్పడింది. ఆ దీవుల దగ్గర గాలం వేయరాదు.

ఇంటికి రాగానే రీలును మంచినీటితో మెల్లగా కడిగి, బ్రేకు వదులు చేసి, నీడలో ఆరబెట్టండి. జోరుగా నీరు కొడితే ఉప్పు లోపలికి పోతుంది. ఈ పని ఇల్లాలికి అప్పగించక, సరదా పడినవారే చేసుకుంటే రీలూ నిలుస్తుంది, ఇంటిలో శాంతీ నిలుస్తుంది!