బడి కబుర్లు: సెలవులకు ముందు చూసుకోవలసినవి



పంగుని యెండలు ముదిరినాయి. విరుదునగరులో మారియమ్మ పొంగలి సందడి, బడిలో పరీక్షలు, రెండూ యించుమించు ఒకే వేళకు రావడం మన వైపు పిల్లలకు యేటా ఉన్నదే. ఒక చెవిలో మేళం, ఒక చెవిలో లెక్కల సూత్రం. ఆ రెంటి మధ్య పిల్లవాడు యేది వింటాడో తల్లిదండ్రులకు తెలియనిది కాదు. పరీక్షల మాట పంతుళ్లు చూసుకుంటారు. బడి మూసిన నాటినుంచి జూన్‌లో మళ్లీ తెరిచే నాటిదాకా ఇంటివారు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ నెల మన కబుర్లు వాటిని గురించే.

మొదట కాగితాలు. ఊరు మారేవారు, బడి మార్చేవారు టీ.సీ.కోసం జూన్ దాకా ఆగవద్దు. హెడ్మాస్టరుగారు ఊళ్లో ఉండగానే అడిగి తెచ్చుకోండి. ఒకవేళ ఆలస్యమయినా, ఎనిమిదో తరగతి లోపు పిల్లవాణ్ణి ప్రభుత్వ బడిలోగాని ఎయిడెడ్ బడిలోగాని చేర్చేటప్పుడు టీ.సీ. రాలేదన్న కారణంతో చేర్చుకోకుండా ఆపడానికి వీలు లేదు. 2009లో వచ్చిన ఉచిత నిర్బంధ విద్యా చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉన్నది. కోవిల్పట్టి నుంచి తిరుప్పూరుకు, తిరుప్పూరునుంచి మళ్లీ కోవిల్పట్టికి పని వెంట తిరిగే కుటుంబాలు మనలో తక్కువేమీ కాదు. ఆ మాట వారు గుర్తుంచుకుంటే ఒక యేడు నష్టపోకుండా ఉంటారు.

పేరు సంగతి మరొకటి. మనకు ఇంటిపేర్లు ఉన్నాయి. ఈ రాష్ట్రంలో బడి పుస్తకాలలో ఇంటిపేరు రాయరు, తండ్రి పేరులోని మొదటి అక్షరమే రాస్తారు. తాతగారి కాగితాలలో ఇంటిపేరు, తండ్రి కాగితాలలో ఒక ఇనిషియలు, పిల్లవాడి ఆధార్‌లో రెండు ఇనిషియళ్లు! ఇలాంటి ఇళ్లు ఎన్నో. పదో తరగతి సర్టిఫికేటు అచ్చయిన తరువాత ఒక్క అక్షరం దిద్దించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగే బదులు, తొమ్మిదో తరగతి ముగిసిన ఈ సెలవుల్లోనే పుట్టిన తేదీ, పేరు, కులం మూడూ సరిచూసుకోవడం మేలు. కులం సర్టిఫికేటులో రాజకంబళం, గొల్లవారు, సిల్లవారు, తొక్కలవారు వంటి పేర్లన్నీ ప్రభుత్వ జాబితాలో తొట్టియ నాయక్కర్ అనే పేరు కిందనే వస్తాయి. ఇంట్లో చెప్పుకునే పేరు వేరు, జాబితా పేరు వేరు అయినందువల్ల కంగారు పడనక్కరలేదు.

మాతృభాష అనే గడి కూడా ఒకటి ఉంటుంది. అక్కడ మనవారిలో చాలామంది, అడిగినవారికి సులువుగా ఉంటుందని, తమిళం అని రాయిస్తారు. ఇంట్లో అవ్వతో తెలుగే మాట్లాడే బిడ్డకు అలా రాయించడమెందుకు? 2006 నాటి తమిళ అభ్యాస చట్టం ప్రకారం తమిళం మొదటి భాషగా అందరూ చదవవలసినదే. మనం చదువుతూనే ఉన్నాం, దానికి యేడవవలసినది లేదు. తమిళం మన పిల్లలకు పరాయి భాష కాదు. కాని భాషా అల్పసంఖ్యాకుల బడుల పిల్లల సంగతి కోర్టుల దాకా పోయి, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ యేటి పదో తరగతి పరీక్షలో వారికి తమిళ పేపరు నుంచి మినహాయింపు యిచ్చినప్పుడు, ఎవరు అల్పసంఖ్యాకులు, ఎందరు ఉన్నారు అన్నది కాగితాలను బట్టే గదా తేలవలసింది. గడిలో తెలుగు అని రాయించడానికి రుసుము లేదు.

ఇక బడి మార్చే విషయం. మన ఊళ్ల చుట్టూ రోడ్లమీద "ఇంటర్నేషనల్ స్కూలు" అనే బోర్డులు కనబడుతున్నాయి. పచ్చని బస్సు, మెడలో టై, బూట్లు. చూడ ముచ్చటగానే ఉంటాయి. ఆ మాటకు అసలు అర్థమేమిటని ఒక చదువరి అడిగినారు. మనకు దగ్గరలో నిజంగా ఆ పేరుకు తగిన బడి కొడైకెనాలులో ఉన్నది. 1901లో అమెరికా మిషనరీలు తమ పిల్లలకోసం పెట్టుకున్న ఆ బడి, 1976లో ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే పాఠ్యక్రమాన్ని మన దేశంలో మొట్టమొదట ప్రవేశపెట్టింది. ఆ పాఠ్యక్రమం 1968లో జెనీవాలో పుట్టింది. దేశదేశాలు తిరిగే ఉద్యోగస్థుల పిల్లలు ఏ దేశంలో దిగినా చదువు తెగిపోకుండా ఉండడానికి ఏర్పరచినది. సాత్తూరులో పత్తి వ్యాపారం చేసుకునేవారి బిడ్డకు దానితో పని ఉండవచ్చు, లేకపోవచ్చు. బోర్డుమీద ఇంటర్నేషనల్ అని రాసినంత మాత్రాన ఆ పాఠ్యక్రమం లోపల ఉన్నదని కాదు. చాలాచోట్ల లోపల ఉన్నది స్టేటు బోర్డో, సీబీఎస్‌ఈనో. అందులో తప్పేమీ లేదు. కాని అప్పు చేసి చేర్చే ముందు ఏ బోర్డు, గుర్తింపు ఏ తరగతి దాకా, పదో తరగతి పరీక్ష పిల్లవాడు ఎవరి పేరు మీద రాస్తాడు అని నోరు విప్పి అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునే బడి అయితే మరీ జాగ్రత్త.

ఆడపిల్లను మార్చేవారు ఇంకొకటి చూడాలి. 2022 సెప్టెంబరులో "పుదుమై పెణ్" అనే పథకం వచ్చింది. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలోనే చదివి కాలేజీలో చేరిన ఆడపిల్లకు నెలకు 1000 రూపాయలు అన్నది దాని ఏర్పాటు. 2024లో ఎయిడెడ్ బడులలో తమిళ మాధ్యమంలో చదివినవారికి కూడా చేర్చినారు. మగపిల్లలకు అదే యేడు ఆగస్టులో అలాంటిదే మొదలయింది. పదో తరగతి దాకా సర్కారు బడిలో చదివించి, ప్లస్ వన్‌కు ఆర్భాటంగా బయటి బడికి మార్చితే ఆ అర్హత తప్పిపోతుంది. మార్చాలా వద్దా అన్నది ఎవరింటి లెక్క వారిది. షరతులు ఇప్పుడు ఎలా ఉన్నాయో బడిలో ఒకసారి విచారించి తరువాత కదలండి.

ఇంతవరకు చెప్పినది చిన్న సంగతులే. ఇక ముఖ్యమైనదానికి వస్తాను.

మన కరిసలు నేలలో సెలవులు అంటే కొందరు పిల్లలకు "ఆపీసు". అగ్గిపెట్టెల కార్ఖానాను మన వైపు ఆపీసు అనే పిలుస్తారని కొత్తవారికి తెలియదు, నవ్వుకుంటారు. కోవిల్పట్టి, సాత్తూరు, శివకాశి చుట్టుపక్కల రెండు మూడు తరాలవారు ఆ ఆపీసుల్లో చట్రాలలో పుల్లలు పేర్చి, పెట్టెలు అంటించి కుటుంబాలను నిలబెట్టుకున్నారు. ఆ పనిని చులకన చేయడం నా ఉద్దేశం కాదు. వానలు లేని యేళ్లలో ఈ నేలకు అన్నం పెట్టింది ఆ పెట్టెలే. కాని ఎన్ని ఇళ్లలో విన్నానో ఈ మాట: "రెండు నెలలే గదా, ఇంట్లో కూర్చుని వాడేం చేస్తాడు? నోటు పుస్తకాల ఖర్చయినా వస్తుంది." పిల్లవాడు పోతాడు. శనివారం చేతికి కూలి వస్తుంది. అమ్మకు ఇస్తాడు, అమ్మ ముఖం వికసిస్తుంది. వాడికి అంతవరకు బడిలో దొరకని గౌరవం అది. జూన్ వస్తుంది, బడి తెరుస్తారు, "ఈ వారం ఒక్కటీ పోయి వస్తాను" అంటాడు. ఆడి నెలకు వాడి పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉంటుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. 1988లో జాతీయ బాలకార్మిక పథకం మొదలయినప్పుడు తొలి ప్రాంతాలలో శివకాశి ఉన్నది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినదీ శివకాశి పిల్లలను గురించిన కేసులోనే. 2016లో చట్టాన్ని సవరించి, 14 యేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోను పెట్టుకోకూడదన్నారు. సొంత కుటుంబం చేసుకునే పనిలో మాత్రం, బడి వేళ తరువాతగాని సెలవుల్లోగాని, పిల్లలు చేయి వేయవచ్చు. చాలామంది అక్కడితో చదవడం ఆపేస్తారు. ఆ మినహాయింపు అపాయకరమైన పనులకు లేదు. మండే సరుకులు, పేలే సరుకులు తయారుచేసే చోట 18 యేళ్లు నిండేదాకా ఎవరినీ పెట్టకూడదు. అగ్గిపుల్లలు, టపాకాయలు రెండూ అందులోకే వస్తాయి. మామ కార్ఖానా అయినా, సొంత పందిరి కింద అయినా అంతే. కొలిమి దగ్గర కాదు, మందు దగ్గర కాదు, ఉత్త పెట్టెలు అంటించడమే అని తమకు తామే సర్దిచెప్పుకునేవారున్నారు. అంటించే గది ప్రక్క గదిలోనే గదా మందు ఉండేది!

అసలు పిల్లవాడు ఎందుకు పోతాడన్నదానికి ఇంకొక కారణం ఉన్నది. దానిని పెద్దలు పైకి చెప్పరు. బడి మూస్తే బడి వంటశాల కూడా మూతపడుతుంది. మధ్యాహ్నం ఒక పూట, ఇప్పుడు చిన్న తరగతులవారికి పొద్దున మరొక పూట, సెలవుల్లో ఇంటిమీద పడతాయి.

ఈ బడి భోజనానికీ మన ఊరికీ ఉన్న సంబంధం మన పిల్లలకు చెప్పవలసినది. 1920లో మద్రాసు కార్పొరేషనువారు థౌజండ్ లైట్స్ లోని ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టినారు. తలకు అణా మించకూడదని నియమం. అప్పుడు కార్పొరేషను అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టిగారు, మన తెలుగు దేవాంగులు. తరువాత విరుదునగరులో పుట్టిన కామరాజుగారు, తాను బడి మధ్యలో మానిన మనిషి, 1954లో ముఖ్యమంత్రి అయినారు. పశువులు కాసే పిల్లవాణ్ణి బడికెందుకు పోలేదని అడిగితే, పోతే అన్నం నువ్వు పెడతావా అని వాడు తిరిగి అడిగినాడని చెప్పుకుంటారు. కథ ఎట్లా ఉన్నా, 1956లో ఆయన మధ్యాహ్న భోజన పథకానికి శ్రీకారం చుట్టినది భారతి పుట్టిన మన ఎట్టయాపురంలోనే. మొదట ఊరివారి చందాలు, ధాన్యం, కట్టెలు. తరువాత ప్రభుత్వం తన వాటా చేర్చింది. 1982లో ఎం.జీ.ఆర్. దానిని సత్తువ భోజనంగా విస్తరించినారు. 2022 సెప్టెంబరు 15న మధురైలో పొద్దుటి టిఫిను మొదలయింది, 2023 ఆగస్టులో ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వచ్చింది, 2024 జూలై 15న, కామరాజుగారి పుట్టినరోజున, పల్లెల్లోని ఎయిడెడ్ బడులకు చేరింది.

మొదట ఊరివారే పెట్టినారన్న మాట దగ్గర నేను కొంచెం ఆగుతాను. సెలవుల నెల మధ్యాహ్నాలు మన సంఘం ఇళ్లు వంతులు వేసుకుని వీధిలోని పదిమంది పిల్లలకు కూళో, సాంబారన్నమో పెడితే ఎంత ఖర్చవుతుందో లెక్క వేసి చూడండి. పెళ్లిలో ఒక పంక్తి భోజనమంత కూడా కాదు. దానికి బదులుగా పిల్లలను ఒక గంట అరుగుమీద కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించవచ్చు. నేను ఊరికే చెప్పడం లేదు, వచ్చే సంఘం సమావేశంలో ఈ సంగతి ఎత్తుతాను. వంట చేసిపెట్టేవారు, చదువు చెప్పేవారు ముందుకు రావాలి.

అక్షరాల మాట వచ్చింది గనుక ఇంకొంచెం. 1904లో సుబ్బరామ దీక్షితులవారు సంగీత సంప్రదాయ ప్రదర్శినిని అచ్చు వేయించినది ఎట్టయాపురంలో, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో. రెండు సంపుటాలు, 1700 పుటలకు పైగా, అంతా తెలుగు లిపి. ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూసిన ఊరది, ఆయన కీర్తనలు స్వరంతో సహా ఆ పుస్తకంలోనే నిలిచినాయి. 1961 నుంచి మద్రాసు మ్యూజిక్ అకాడమీవారు తమిళంలో వేసినారు, మంచిదే. కాని మన ఊరి అచ్చుయంత్రంమీద, మన లిపిలో వచ్చిన పుస్తకం మన ఊరి తెలుగు పిల్లవాడికి వంకర గీతలుగా కనబడుతున్నది. మారిషస్‌లో తాతముత్తాతలు ఓడ దిగి నూరేళ్లు దాటినా అక్కడి బడుల్లో పిల్లలు తెలుగు చదువుతున్నారు. అమెరికాలో 2007 నుంచి మనబడి అని ఆదివారాలు కూర్చోబెడుతున్నారు. మనం ఇక్కడ మాట దక్కించుకుని అక్షరం పోగొట్టుకున్నాం.

నేర్పేవారికి ఒక్క సూచన. తమిళం చదివే పిల్లవాడికి ఒక్క క సరిపోతుంది. మనం క, ఖ, గ, ఘ అని నాలుగు ముందు పెడితే బెదురుతాడు. మొదట క, గ చాలు. ఒత్తులు నెల తరువాత. పుస్తకంలో నాన్న అని ఉంటే మనవాడు "నైనా" అంటాడు. తప్పని కసరవద్దు, నైనా అనే రాయించండి. ఇడైసెవల్‌లో పుట్టి, ఇంట తెలుగు మాట్లాడి, తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కి. రాజనారాయణన్‌గారిని తమిళలోకమంతా నైనా అనే పిలిచింది. ఆయన 1976లో ప్రచురించిన గోపల్ల గ్రామం మనవారు ఉత్తరాన్నుంచి ఈ నేలకు వచ్చిన కథ. పదో తరగతి రాసిన పిల్లలు సెలవుల్లో ఆ పుస్తకం తమిళంలో చదివి, అందులోని సంగతులు అవ్వను తెలుగులో అడిగితే రెండు భాషలకూ పని దొరుకుతుంది.

పదో తరగతిలో ఎవరైనా తప్పితే ఇంట్లో కేకలు వేయవద్దు, ఆపీసుకు పంపవద్దు. ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే మళ్లీ రాసే పరీక్ష ఉంటుంది. దానికి ఫీజు కట్టే గడువు చిన్నది. మార్కుల కాగితం కోసం ఎదురుచూడక, ఫలితం తెలిసిన మరునాడే బడికి పోయి అడగండి. ఇళ్లలో మూలపడిన పెద్దబాలశిక్షలు, వాచకాలు ఉంటే చెదలు పట్టకముందే సంఘం గుమాస్తాకు అందజేయగలరు. అట్టలు చినిగినా ఫరవాలేదు, లోపలి పుటలు ఉంటే చాలు.