ఏడవ తరగతిలోనే అడగండి
పట్టిసీమ వెళ్ళినవారు పిల్లలకు గోదావరిని చూపి తిరిగివస్తారు. అక్కడి ఎత్తిపోతల పథకం గురించీ చెప్పండి. 24 పంపులు నదీజలాన్ని పోలవరం కుడికాలువలోకి ఎత్తి కృష్ణా డెల్టాకు పంపుతాయి. దాని వెనుక విద్యుత్ పనివారు, మెకానిక్కులు, సర్వేయర్లు, ఇంజినీర్లు ఉన్నారు. ‘ఎవరి పని నీకు నచ్చింది?’ అని అడగండి; జవాబు రేపు మారినా ఫరవాలేదు. అమ్మాయినీ అడగండి. పదవ తరగతితో ఆమె చదువు మాన్పించే ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి.

ప్రభుత్వ పాఠశాల విద్యార్థులకు ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకారవేతన పరీక్ష ఎనిమిదవ తరగతిలోనే ఉంటుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏటా 12,000 రూపాయలు. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు మించరాదు. ఏడవ తరగతి మార్కులనూ చూస్తారు. దరఖాస్తు గడువును ప్రధానోపాధ్యాయుల వద్ద ముందుగానే తెలుసుకోండి.