ముందు ఇంట్లో చెప్పండి

‘ఫిషింగ్’ అనే మాట చేపలు పట్టడం నుంచి వచ్చింది. తెలుగులో దీన్ని ‘గాలం వేయడం’ అనవచ్చు. గాలానికి ఎర గుచ్చి నీళ్లలో వేస్తారు. చేపకు ఎర కనిపిస్తుంది, ముల్లు కనిపించదు. మనకు వచ్చే దొంగ ఈమెయిళ్లు, మెసేజ్‌లు, ఫోన్లు కూడా అంతే. మరి వాటిలో ఎర ఏమిటి?

ఆశే ఎర అంటారు చాలామంది పెద్దలు. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే “ఆశకు పోయాడు, అనుభవించాడు” అనేస్తారు. ఆ మాట కొంతవరకే నిజమని నా అభిప్రాయం. అమెరికాలో ఉన్న మన ఇళ్లలో ఆశ కన్నా పెద్ద ఎర భయం.

నిజంగా జరిగిన ఒక కేసు చెబుతాను. అహ్మదాబాద్‌లోని కాల్ సెంటర్ల నుంచి కొందరు అమెరికాలో ఉన్నవాళ్లకు ఫోన్లు చేసేవారు. పన్నుల శాఖ అధికారులమనో, ఇమ్మిగ్రేషన్ అధికారులమనో చెప్పుకునేవారు. వెంటనే డబ్బు కట్టకపోతే అరెస్టు చేస్తామని, దేశం నుంచి పంపించేస్తామని బెదిరించేవారు. 2016 అక్టోబరులో అమెరికా న్యాయశాఖ వాళ్ల మీద టెక్సస్‌లో కేసు పెట్టింది. 2018 జులైలో 21 మందికి శిక్షలు పడ్డాయి. వాటిలో పెద్దది 20 ఏళ్ల జైలు.

ఇక్కడే పుట్టిన మీకు “దేశం నుంచి పంపించేస్తాం” అనే మాట పెద్దగా తగలకపోవచ్చు. కానీ వీసా మీద ఉన్న అమ్మానాన్నలకు, ఈ మధ్యే వచ్చిన మాలాంటివాళ్లకు, చదువు కోసం వచ్చిన మీ బంధువుల పిల్లలకు ఆ మాట వింటేనే గుండె జారిపోతుంది. భయపడితే వాళ్లు తెలివితక్కువవాళ్లని కాదు. వాళ్లు పోగొట్టుకోవడానికి చాలా ఉందని అర్థం.

ఇండియాలో ఉన్న తాతయ్యలకు, అమ్మమ్మలకు వేసే గాలం పేరు ‘డిజిటల్ అరెస్ట్’. పోలీసు యూనిఫాం వేసుకున్నవాడు వీడియో కాల్ చేసి, “మీ పేరు మీద వచ్చిన పార్సిల్‌లో మత్తుమందు దొరికింది” అంటాడు. కెమెరా ముందు నుంచి కదలనివ్వడు. అసలు మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మోదీ ‘మన్ కీ బాత్’ కార్యక్రమంలో ఈ సంగతి దేశమంతటికీ చెప్పాల్సి వచ్చింది.

ఈ రెండు మోసాల్లోనూ ఉండే మాటలు గమనించండి. “ఇప్పుడే కట్టాలి.” “ఫోను పెట్టేయొద్దు.” “ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు.” నా దృష్టిలో మూడోదే అసలు ముల్లు. ఎందుకంటే పక్కన ఇంకో మనిషి ఉంటే చాలు, “ఆగు, ఒకసారి కనుక్కుందాం” అంటారు. అక్కడితో మోసగాడి పని అయిపోతుంది.

దొంగ మెయిల్‌ను గుర్తుపట్టే గుర్తులు నేర్చుకుంటే చాలదా అని మీరు అడగవచ్చు. నేర్చుకోవాలి. పంపినవారి పేరు కాదు, ‘యట్’ గుర్తు తర్వాత ఉన్న చిరునామా చూడండి. లింకు నొక్కకముందే అది ఎక్కడికి తీసుకెళ్తుందో చూడండి. ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరు అడిగినా చెప్పకండి. గిఫ్ట్ కార్డు కొని దాని వెనక నంబరు చదవమంటే అది మోసమే. ప్రభుత్వ శాఖ ఏదీ గిఫ్ట్ కార్డులతో డబ్బు తీసుకోదు.

కానీ గుర్తులు ఒక్కటే మనల్ని కాపాడవు. ఒకప్పుడు దొంగ మెయిళ్లలో అక్షర దోషాలు ఉండేవి. ఇప్పుడు ఏఐ సాయంతో తప్పుల్లేని ఉత్తరం ఎవరైనా రాయగలరు. ఫోనులో కనిపించే నంబరును కూడా నమ్మలేం. వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం నంబరునే నకలు చేసి, పాస్‌పోర్టులో, వీసా కాగితాల్లో తప్పులున్నాయని మనవాళ్లను బెదిరించారు. ఆ కార్యాలయం 2018లోనే దీని గురించి హెచ్చరిక ఇచ్చింది. అందుకే అనుమానం వస్తే ఫోను పెట్టేసి, అసలు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరు వెతికి మనమే ఫోను చేయాలి.

ఇక మన ఇళ్ల సంగతి. మోసపోయినవాళ్లు బయటికి ఎందుకు చెప్పరు? పరువు పోతుందని. “ఇంత చదువుకుని ఇదేం పని?” అని తిడతారని. 2024లో ఎఫ్‌బీఐకి వచ్చిన ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల్లో మొత్తం నష్టం 1,660 కోట్ల డాలర్లు. అందులో 480 కోట్లకు పైగా 60 ఏళ్లు దాటినవాళ్లదే. సిగ్గుపడి ఫిర్యాదు చేయనివాళ్లు ఈ లెక్కలో లేరు. తిట్లకు భయపడి ఒక రోజు దాచిపెడితే, బ్యాంకు ఆపగలిగిన డబ్బు కూడా చేయి దాటిపోతుంది.

అందుకే ప్రతి ఇంట్లో ఒక నియమం ఉండాలంటాను: చెప్పినవాళ్లను తిట్టకూడదు. ఇది మీకూ వర్తిస్తుంది. పార్ట్‌టైమ్ ఉద్యోగం ఇస్తామని ముందుగా డబ్బు అడిగేవాళ్లు, మీ ఫోటోలు బయటపెడతామని బెదిరించేవాళ్లు మీ వయసు పిల్లల కోసమే చూస్తుంటారు. అప్పుడు మీరు ఒంటరిగా తేల్చుకోవద్దు. అమ్మకో నాన్నకో టీచరుకో చెప్పండి. పెద్దలు కూడా ముందు వినాలి, కోపం తర్వాత చూసుకోవచ్చు.

డబ్బు పోతే మొదట బ్యాంకుకు ఫోను చేయాలి. తర్వాత అమెరికాలో ఎఫ్‌టీసీకి, ఎఫ్‌బీఐ వారి ఐసీ3కి ఫిర్యాదు చేయాలి. ఇండియాలో అయితే 1930కి ఫోను చేయాలి.

మీరు తెలుగు ఎందుకు నేర్చుకుంటున్నారని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబుల్లో ఇదొకటి. అమ్మమ్మకు ఈ సంగతి ఇంగ్లిష్‌లో చెబితే తల ఊపుతుంది కానీ మనసుకు పట్టదు. తెలుగులో మీరు చెబితే గుర్తుపెట్టుకుంటుంది. ఈ వారం ఇండియాకు ఫోను చేసినప్పుడు ఈ నాలుగు మాటలు చెప్పండి:

“అమ్మమ్మా, ఫోనులో ఎవరూ అరెస్టు చేయలేరు. ఎవరైనా బెదిరిస్తే ఫోను పెట్టెయ్. ఓటీపీ ఎవరికీ చెప్పకు. ఏ టైమైనా సరే, వెంటనే మాకు ఫోన్ చెయ్, ఎవ్వరం ఏమీ అనం.”