గడువు వ్రాయని న్యాయము

కాలమును నిర్దేశింపక కాలమును సూచించు పలుకుబడులు ఆంగ్లభాషలో పెక్కు కలవు. ‘వన్స్ అపాన్ ఎ టైమ్’ అని కథకుడు మొదలిడినపుడు ఏ సంవత్సరమని శ్రోత అడుగడు. ‘ది అదర్ డే’ అని మిత్రుడన్నపుడు అది నాలుగు నాళ్ళ క్రిందటి ముచ్చటయో పది నాళ్ళ క్రిందటిదో తేల్చుకొనవలసిన పనియు లేదు. గడచినదానియెడ ఈ అస్పష్టత నిరపాయమే. కాని ఒకరికి న్యాయముగా రావలసినదానిని ఇచ్చెదమని పలుకుచు కాలము మాత్రము చెప్పకుండుట, ఇయ్యకుండుటకు అనుమతి నొసగుటయే యగును.

వర్ణభేదమునుబట్టి బాలబాలికలను వేర్వేరు పాఠశాలలలో నుంచుట రాజ్యాంగవిరుద్ధమని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1954 మే 17న తీర్పు చెప్పెను. ఎన్నటిలోగా మాన్పవలెనన్న ప్రశ్నకు మరుసటి యేడు మే 31న అదే న్యాయస్థాన మిచ్చిన సమాధానము ‘ఆల్ డెలిబరేట్ స్పీడ్’. త్వరపడుమనియు, ఆలోచించి కదలుమనియు ఒక్క ఊపిరిలో చెప్పిన ఆ మాటలో తేదీ లేదు. దక్షిణ రాష్ట్రముల పాలకులు ఆ లేమినే ఆశ్రయించిరి. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో, తారుకాగితపు పాకలలో సాగు చదువును సహింపక, 1951లో పదునారేండ్ల బార్బరా జాన్స్ తోడివిద్యార్థులచే సమ్మె చేయించెను. వారి వ్యాజ్యమును ఈ తీర్పులో చేరినదే. వారు గెలిచిన ఆ కౌంటీలోనే 1959లో అధికారులు ప్రభుత్వ పాఠశాలలన్నిటిని మూసివేసిరి. తెల్లవారి బిడ్డలకు ప్రైవేటు బడి వెలసెను. నల్లవారి బిడ్డలు కొందరు బంధువులనాశ్రయించి పొరుగూళ్ళకు పోయిరి. పెక్కుర చదువు ఐదేండ్లు ఆగిపోయెను. ఆ ‘డెలిబరేట్ స్పీడ్’కు కాలము చెల్లినదని న్యాయస్థానము 1964లో గాని పలుకలేదు. ఆరవ యేట బడిలో చేరవలసిన బిడ్డకు పదునొకండవ యేట తెరచిన తలుపు ఏపాటి న్యాయము?

మన రాజ్యాంగపు 200వ అధికరణమునందును, బిల్లులను గవర్నరు త్రిప్పిపంపు సందర్భమున, ‘యాజ్ సూన్ యాజ్ పాజిబుల్’ అను మాట గలదు. బిల్లులు నిలిచిపోగా తెలంగాణ ప్రభుత్వము 2023లో సుప్రీంకోర్టు గడప తొక్కవలసివచ్చెను. పదునాలుగేండ్లలోపు బాలలకు నిర్బంధ ఉచితవిద్యను గూర్చిన నాటి 45వ అధికరణమున మాత్రము మన రాజ్యాంగకర్తలు పదేండ్ల గడువు వ్రాసియుండిరి. అదియు నెరవేరలేదు, నిజమే. అయినను 1960 దాటిన వెంటనే, మాట తప్పితిరని ప్రభుత్వమును నిలదీయుటకు పౌరునికి ఆధారము దొరకినది. గడువు లేనిచోట ఆ నిలదీతకును తావు లేదు.

కావున శాసనము వ్రాయువారు ఇన్ని దినములలోగా అని అంకె వేయవలెను; ఆ అంకె దాటినచో కారణమును వ్రాతమూలముగా తెలుపవలెనను నియమమును దాని ప్రక్కనే చేర్చవలెను.