లంబసింగి మడికి నీలగిరి అడవి మొక్క కావాలి



లంబసింగి మంచు చూడ్డానికి వచ్చినవాళ్లు స్ట్రాబెర్రీ మడుల్లో ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఆ మంచే పంటకు చేటని రైతుకు తెలుసు. తడి ఆరని పొద్దుల్లో పండు మీద బూడిదరంగు బూజు లేస్తుంది. ఎండ ముదిరితే ఆకు అడుగున నల్లి సన్నని గూడు అల్లుతుంది. రెండింటికీ మనం చేసే వైద్యం ఒక్కటే, మందు కొట్టడం. తొక్క తీయకుండా, ఉడకబెట్టకుండా పిల్లలు నోట్లో వేసుకునే పండు మీద!

మన దేశంలో సాగయ్యే స్వీట్ చార్లీ, వింటర్ డాన్ ఫ్లోరిడా రకాలు, కామరోసా కాలిఫోర్నియాది. అక్కడి నేలకు, గాలికి ఎంచినవి. పైగా నారంతా తీగపిలకలదే కాబట్టి ఒక రకం మడిలోని మొక్కలన్నీ ఒకే మొక్కకు నకళ్లు. ఒకదాన్ని కూల్చిన తెగులుకు రెండోది అడ్డుపడదు.

అసలు తోట స్ట్రాబెర్రీయే రెండు అమెరికా అడవి జాతులు కలిసి 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పుట్టిన సంకరం. ఆ తర్వాతా అవసరం పడితే శాస్త్రవేత్తలు అడవినే ఆశ్రయించారు. కాలిఫోర్నియాలో రాయిస్ బ్రింగ్‌హర్స్ట్ ఉటా కొండల అడవి మొక్కతో సంకరం చేసి, పగటి నిడివితో నిమిత్తం లేకుండా పూసే రకాలు సాధించాడు.

మనకూ ఓ అడవి స్ట్రాబెర్రీ ఉంది, ఫ్రాగేరియా నీల్గెరెన్సిస్. నీలగిరుల్లో, ఈశాన్య కొండల్లో పెరుగుతుంది. పండు పాలిపోయి, చప్పగా ఉంటుంది గనుక ఇక్కడెవరికీ పట్టలేదు. ఆకు తెగుళ్లను, పేనుబంకను బాగా తట్టుకుంటుందని మాత్రం పరిశోధకులు రాశారు. బూజును, నల్లిని ఎంతవరకు ఆపుతుందో మన మడిలో పెట్టి చూడాల్సిందే.

సంకరం తేలిక కాదు. అడవి జాతికి 14 క్రోమోజోములు, తోట రకానికి 56. అయినా జపాన్ వాళ్లు ఈ జాతితోనే ‘తోకున్’ అనే కొత్త రకం తీశారు. మనం మాత్రం మందుల బిల్లు కడుతున్నాం.

రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. ఈ రెండూ కలిసి అడవి మొక్కలు సేకరించాలి. మందు పడని మడిలో తోట రకాల పక్కనే పెంచి, బూజు, నల్లి, వేరుకుళ్లు కావాలనే సోకించి చూడాలి. కొత్త రకం మీద వచ్చే లాభంలో, మొక్కలు సేకరించిన కొండల వాసులకు వాటా దక్కాలి (ఇది మరిచిపోవడం మనవాళ్లకు అలవాటే). మూడేళ్లకే నిధులు ఆపేసే పథకమైతే అసలు మొదలుపెట్టొద్దు. ఇది పదేళ్ల పని.

రైతులారా, వచ్చే గ్రామసభలో ఈ పని చేపట్టాలని తీర్మానం పెట్టించండి. నకలు పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)కు పంపండి.