ప్రోస్టేట్ శస్త్రచికిత్స: రక్తము సంగతి ముందురోజు రాత్రి కాదు

ఖానాపూర్ నుంచి ప్రోస్టేట్ క్యాన్సర్ శస్త్రచికిత్సకై హైదరాబాదుకు బయలుదేరే పెద్దాయనకు ఇంటివారు చేసే ఉపచారము మీకు తెలియనిది కాదు. బీట్‌రూట్ రసము, దానిమ్మపండ్లు, మందుల దుకాణములో కొన్న ఎఱ్ఱని టానిక్కు. వారములో రక్తము పట్టునని నమ్మకము. ఆ నమ్మకముపై నాకు కోపము లేదు. ముందురోజు సాయంత్రము వరకు హీమోగ్లోబిన్ సంగతి పట్టించుకోని మా వైద్యులపైనే నా కోపము.

పురుషులలో హీమోగ్లోబిన్ 13 గ్రాములకు తగ్గితే రక్తహీనతయే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మూలుగలో ఎఱ్ఱకణము తయారగుటకు సుమారు వారము పట్టును. ఇనుము లోపించినవారికి ఇనుము ఇచ్చినా, మూడు నాలుగు వారములలో ఒకటి రెండు గ్రాములు పెరిగితే మంచి ఫలితమే. ప్రోస్టేట్ క్యాన్సర్ చాలామందిలో నెమ్మదిగా పెరుగును గనుక ఆ వ్యవధి సాధారణముగా దొరుకును. దానిని మనమే పోగొడుతున్నాము.

నేను కొలువులో ఉన్న రోజులలో ఒక పెద్దమనిషికి శస్త్రచికిత్స ముందురోజు రాత్రి 9 గ్రాములని తేలింది. రెండు సీసాల రక్తము ఎక్కించి తెల్లవారి బల్లపైకి తీసుకున్నాము. అంకె బాగుపడింది, కారణము ఎవ్వరమూ అడుగలేదు. కొన్ని నెలల తరువాత ఆయన పెద్దప్రేవులో కంతి బయటపడింది. ఆ తప్పులో నాకూ భాగమున్నది.

కారణము తెలియకుండా రక్తము పెంచుటేమిటి? మొలలు, కడుపులో పుండు, వట్టికాళ్ళతో పొలములో తిరిగినప్పుడు పట్టే కొంకిపురుగులు ఇనుమును హరించును. వాచిన ప్రోస్టేట్ మూత్రమును అడ్డగిస్తే మూత్రపిండములు చెడి, ఎఱ్ఱకణములను పుట్టించే ఎరిత్రోపాయిటిన్ తగ్గును. క్యాన్సర్‌కు ఇచ్చే హార్మోను సూదులు కూడ హీమోగ్లోబిన్‌ను తగ్గించును. వీటన్నిటికీ ఒకే టానిక్కా? మన ప్రాంతపు గోండు, కొలాము కుటుంబాలలో సికిల్ సెల్ ఉన్నది. ఆ వ్యాధి ఉన్నవారికి ఆలోచించక రక్తము ఎక్కించి హీమోగ్లోబిన్‌ను 10 గ్రాములు దాటిస్తే రక్తము చిక్కబడి ప్రమాదము తేగలదు.

సూదిమందులూ మంత్రములు కావు. ఎరిత్రోపాయిటిన్ సూదితో రక్తము గడ్డకట్టే ముప్పున్నది. 2020లో లాన్సెట్‌లో వెలువడిన ప్రివెంట్ పరిశీలనలో, ఉదరభాగపు పెద్ద శస్త్రచికిత్సలకు ముందు సిరలోకి ఇనుము ఇచ్చినా రక్తము ఎక్కించే అవసరము తగ్గలేదు.

అందుచేత, బయాప్సీ ఫలితము చేతికి అందిన రోజే హీమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12, క్రియాటినిన్ పరీక్షలు అడగండి. ఇనుము మాత్ర వ్రాస్తే టీతో మ్రింగకండి. మాత్రలతో మలము నల్లబడును, భయపడవద్దు. మాత్ర మొదలుపెట్టక మునుపే నల్లగా ఉన్నదా? సిగ్గుపడక ఆ మాట వైద్యునికి చెప్పండి.