కాలువ నీరు - సర్వరు లెక్క

కృష్ణా డెల్టాలోని నగరం, రేపల్లె ప్రాంతముల రైతునకు ప్రవాహము వేరు, పరిమాణము వేరు అని ఎవ్వరును బోధింపనక్కరలేదు. కాలువలో పారు వేగమునకు క్యూసెక్కులు, చేరిన మొత్తమునకు టి.ఎం.సి.లు. 11,574 క్యూసెక్కుల నీరు ఒక దినమెల్ల పారిననే గాని ఒక టి.ఎం.సి. కాదు. సాలు మొత్తముమీద నీరు చాలినను, నాట్ల దినములలో ప్రవాహము తగ్గినచో చివరి భూములకు తడి యందదు.

ఈ యెరుకయే నేడు మఱియొక చోట గావలసియున్నది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల వ్యయముతో డేటా కేంద్రమును నెలకొల్పుదునని ప్రకటించినది. అట్టి మహాసంస్థలు తమ లెక్కలు తామే చూచుకొనగలవు. మన చింత చిన్న పత్రికలను, సహకార సంఘములను, గ్రంథాలయములను గూర్చినది. ఇవి తమ సొంత సర్వరును పరుల డేటా కేంద్రమున నుంచి అద్దె చెల్లించు పద్ధతికి కోలొకేషన్ అని పేరు. యంత్రము మనది, స్థలము, విద్యుత్తు, చల్లదనము, తీగ వారివి. స్థలము, విద్యుత్తుల వెల ముందుగనే అంచనాకు వచ్చును. అంచనా తప్పునది బ్యాండ్‌విడ్త్ వ్యయమే.

ఒక ఉదాహరణము చూతము. దినమునకు 10,000 మంది పాఠకులు, తలకు 3 పుటలు, పుటకు 2 మెగాబైట్లు అనుకొందము. దినమునకు 60 గిగాబైట్లు, నెలకు 1,800 గిగాబైట్లు. ఇది పరిమాణము. ఒక బైటునకు 8 బిట్లు గనుక, దీనిని దినములోని 86,400 సెకనులకు పంచినచో సగటు ప్రవాహము సెకనునకు సుమారు ఐదున్నర మెగాబిట్లు. కాని పాఠకులు అర్ధరాత్రి రారు; ఉదయ సాయంకాలములందు గుమిగూడుదురు. కావున సగటునకు మూడు నాలుగు రెట్లు, అనగా 20 మెగాబిట్ల ప్రవాహమునకు సిద్ధపడవలెను. బిట్టును బైటని భ్రమించినవాని లెక్క ఎనిమిది రెట్లు తప్పును.

ఇక బిల్లు వేయు రీతి. కొందఱు మొత్తము గిగాబైట్లను లెక్కింతురు. మఱికొందఱు 95వ శతాంశ పద్ధతి ననుసరింతురు. ప్రతి 5 నిమిషములకు ప్రవాహమును కొలుతురు. 30 దినముల నెలకు 8,640 కొలతలు. అందు మిక్కిలి యెక్కువైన 432 కొలతలను విడిచి, తరువాతిదానిపై వెల కట్టుదురు. అనగా నెలకు 36 గంటల పొంగు మన్నింపబడును. 37వ గంట మన్నింపబడదు.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అట్టి దినములలో వార్తకై జనులు ఒక్కుమ్మడిగా వత్తురు. 20 మెగాబిట్ల ప్రవాహము ఒక దినము 80కి పొంగినను బిల్లు మాఱదు. ఆ పొంగే రెండు దినములు రేయింబవళ్లు సాగెనా, నెల యంతటికిని 80 మెగాబిట్ల వెల పడును. ప్రజలకు మిక్కిలి ఉపకరించిన నెలలోనే పత్రిక మిక్కిలి నష్టపోవును! అందులకు జంకి హద్దు బిగించినచో, ఆపత్సమయమున పుట తెఱచుకొనదు.

కావున ఒడంబడికపై సంతకము చేయుటకు ముందే అడుగవలసినవి కలవు. లెక్క పరిమాణముపైననా, శతాంశముపైననా? వచ్చుపోవు ప్రవాహములు రెంటిలో పెద్దదానినే కొలుతురా, రెంటిని కలుపుదురా? హద్దు మీఱిన మెగాబిట్టునకు వెల యెంత? కొలత పట్టిక మనకు చూపుదురా? వీలున్నచో తొలి నెల కొలిచి చూచి, పిమ్మట ఏడాది ఒడంబడికకు కట్టుపడుట మేలు. బొమ్మల బరువు తగ్గించి 2 మెగాబైట్ల పుటను ఒకటికి దింపినచో ఖర్చు లేకయే ప్రవాహము సగమగును.

తూము వద్ద కొలత తెలియని రైతు ఇతరులు చెప్పిన లెక్కకే తలయూపవలసివచ్చును. సర్వరు యజమానికిని గతి యదియే. యంత్రము మనదైనంత మాత్రమున స్వాతంత్ర్యము రాదు. కొలతయు మన చేతనుండవలెను.